యంత్రమును కంఠమును: ఇరువురి సంగీతమును గూర్చిన యొక పాఠము

సంగీతము చేయుటకు ఎందఱు మనుష్యులు కావలెను? ఈ ప్రశ్నకు ప్రతి దేశమును తనకు తోచిన ప్రత్యుత్తరము నిచ్చుకొన్నది. మన కచేరీలయందు పాడువారొకరు, ఫిడేలు వాయించువారొకరు, మృదంగము వాయించువారొకరు, శ్రుతి నిలుపువారొకరు కూడినగాని సభ నిండినట్లు తోచదు. పాశ్చాత్యుల పెద్ద వాద్యబృందములలో నూర్గురి వఱకు కూర్చుండుట కలదు. ఇంగ్లండులోను అమెరికాలోను 1960వ సంవత్సరము మొదలు యువజనుల పాటలకు నలుగురైదుగురు గల బృందము పరిపాటి యయ్యెను. గిటారు వాయించు వారిరువురు, బేస్ గిటారు పట్టువాడొకడు, డ్రమ్ములు కొట్టువాడొకడు, పాడువాడొకడు ఉండినచో బృందము పూర్తియైనట్లు తలచెడివారు.

1980 ప్రాంతమున ఇంగ్లండునందు ఈ లెక్క తప్పినది. ఇద్దఱే ఇద్దఱు వేదికపై నిలిచి, ఒకరు విద్యుద్యంత్రములను నడపుచుండగా మఱియొకరు పాడుచు, నిండు సభలను గంతులు వేయించిరి. ఇట్టి జంటలు పెక్కు బయలుదేరినవి. వానిలో యాజూ అను పేరుగల జంటను తీసికొని, వారు వచ్చిన త్రోవను, వారు వాడిన యంత్రముల పనితీరును, వారు విడిపోయిన విధమును ఈ వ్యాసమున క్రమముగా తెలిసికొందము. యంత్రము మనుష్యుని పనిని తగ్గించునా, లేక మఱియొక విధమైన పనిని అతనిపై మోపునా అను ప్రశ్నకు ఈ చిన్న చరిత్రయందు మంచి ప్రత్యుత్తరము దొరకును.

పంక్ సంగీతమును, దాని పిమ్మటి కాలమును

1976, 1977 సంవత్సరములలో లండను నగరమున పంక్ అను సంగీతము వ్యాపించెను. అప్పటికి పేరువడసిన వాద్యకారులలో పలువురు గొప్ప నేర్పుతోను గొప్ప వ్యయముతోను సుదీర్ఘములైన పాటలు చేయుచుండిరి. సామాన్యుని బిడ్డకు ఆ మార్గము అందనిదిగా కానవచ్చెను. పంక్ యువకులు ఆ నేర్పును లక్ష్యపెట్టక, గిటారుపై రెండు మూడు స్వరమేళనములు నేర్చినవాడెవడైనను బృందము కట్టవచ్చుననిరి. వారి వాద్యము మోటు. ధైర్యము మాత్రము మెండు.

ఆ వేడి రెండు మూడేండ్లలో చల్లారినది. తరువాత వచ్చినవారు ఆ ధైర్యమును నిలుపుకొని, గిటారుల మోతను తగ్గించి, క్రొత్త ధ్వనులను వెదకిరి. వీరి సంగీతమునకు పోస్ట్-పంక్, అనగా పంక్ పిమ్మటిది, అని పేరు. వారిలో కొందఱి చూపు సింథసైజరు అను విద్యుద్వాద్యముపై పడినది. 1960వ దశకమున అమెరికాలో రాబర్టు మోగ్ నిర్మించిన సింథసైజరులు మిక్కిలి ఖరీదు గలవి, బీరువాలంత పెద్దవి. 1970వ దశకము ముగియునప్పటికి జపాను దేశపు కొర్గ్, రోలండ్ సంస్థలు బల్లపై పెట్టుకొనదగిన చిన్నవానిని తక్కువ వెలకు అమ్మజొచ్చెను. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరమునకు చెందిన క్రాఫ్ట్‌వర్క్ బృందమువారు అంతకుముందే ఇట్టి యంత్రములతో సంపూర్ణమైన సంగీతము చేయవచ్చునని చూపియుండిరి. ఇంగ్లండులో షెఫీల్డ్ నగరపు హ్యూమన్ లీగ్ బృందమువారు 1978లో సింథసైజరులతోడనే తమ మొదటి రికార్డును వెలువరించిరి.

అదే 1978లో లండనునందు డేనియల్ మిల్లర్ అను యువకుడు కొర్గ్ సింథసైజరు నొకదానిని సంపాదించి, ఇంటియందే రెండు పాటలు రికార్డు చేసి, పెద్ద సంస్థల నెవరిని ఆశ్రయింపక తానే వానిని వెలువరించెను. దానికై అతడు పెట్టిన సంస్థ పేరు మ్యూట్. ఆంగ్లమున ఆ మాటకు మూగ యని యర్థము. మూగ యని పేరు పెట్టుకొన్న యీ సంస్థయే పిమ్మట ఎందఱి గొంతులనో లోకమునకు వినిపించినది. పెద్ద వర్తకసంస్థల మూలధనముగాని ఆజ్ఞగాని లేక తమంత తాము రికార్డులు వెలువరించు ఇట్టి సంస్థలను స్వతంత్ర సంస్థలందురు. ఇండీ యని వాడుకలోనున్న మాటకు మూలమిదియే.

యంత్రము పనిచేయు విధము

సింథసైజరు అనగా ధ్వనిని కూర్చునది. వీణయందు తీగయు, వేణువునందు గాలియు కంపించి శబ్దము పుట్టును. సింథసైజరునందు మొదట కంపించునది విద్యుత్తు. ఆ కంపనమును స్పీకరు గాలికి అందించినప్పుడు మనకు ధ్వని వినబడును. ఇందు ముఖ్యమైన అంగములు మూడు.

మొదటిది డోలకము. ఇది విద్యుత్తును సెకనుకు ఇన్నిమారులని కంపింపజేయును. సెకనుకు 440 కంపనములైనచో ఒక స్వరమును, 880 అయినచో అదే స్వరమును పై స్థాయిలోను వినుచున్నాము. స్థాయి ఒకటి పెరిగినప్పుడెల్ల కంపనముల సంఖ్య రెట్టింపగును. ఆ కాలపు సింథసైజరులలో పెక్కింటియందు ఒక వోల్టు హెచ్చించినచో స్వరము ఒక స్థాయి హెచ్చునట్లు ఏర్పాటుండెను. స్థాయియందు పండ్రెండు మెట్లున్నవి గావున, ఒక్కొక్క మెట్టునకు వోల్టులో పండ్రెండవ వంతు చాలును.

రెండవది వడపోత. డోలకమునుండి వచ్చు శబ్దమున మూలస్వరముతోపాటు పై కంపనములు అనేకములు కలిసియుండును. వానిలో కొన్నిటిని ఆపి కొన్నిటిని విడిచినచో, అదే స్వరము ఒకప్పుడు సన్నాయివలె పదునుగాను, ఒకప్పుడు దుప్పటి చాటునుండి వచ్చినట్లు మెత్తగాను వినబడును.

మూడవది ధ్వని యొక్క హెచ్చుతగ్గులను నిర్ణయించు నంగము. వీణతీగను మీటినప్పుడు ధ్వని చటుక్కున లేచి మెల్లగా అణగిపోవును. వేణువు ఊదినప్పుడు మెల్లగా లేచి, ఊపిరియున్నంతవఱకు నిలుచును. ఈ లేచుటను, నిలుచుటను, అణగుటను యీ అంగము మూలమున మన యిష్టానుసారము ఏర్పఱుపవచ్చును.

ఇంతవఱకు చెప్పినది ఒక వాద్యము మాత్రమే. దానిని వాయించుటకు చేయి కావలెను గదా? ఆ చేతి స్థానమున వచ్చినది సీక్వెన్సరు, అనగా స్వరములను వరుసగా జ్ఞాపకముంచుకొని తానే వాయించు యంత్రము. రోలండ్ సంస్థవారు 1981లో విక్రయించిన ఎం.సి.-4 అను సీక్వెన్సరున స్వరములను అంకెలుగా నెక్కించెడివారు. మనకు తెలిసిన శంకరాభరణ రాగపు ఆరోహణమును ఈ విధముగా వ్రాసి చూతము. షడ్జమమును 0 అనుకొన్నచో, స రి గ మ ప ద ని స అను స్వరములు 0, 2, 4, 5, 7, 9, 11, 12 అగును. ప్రతి యంకెయు షడ్జమమునుండి ఎన్ని మెట్లు ఎక్కవలయునో తెలుపును. ఇంతటితో పని తీరలేదు. తరువాతి స్వరము ఎంతసేపటికి రావలెనో ఒక అంకె, ఈ స్వరము ఎంతసేపు మ్రోగవలెనో మఱియొక అంకె ఎక్కింపవలెను. ఈ రెండును సమానమైనచో స్వరములు ఒకదానినొకటి అంటుకొని సాగును. రెండవది చిన్నదైనచో తుంపులుతుంపులుగా వినబడును. ఒక్క పాటకు ఇట్టి యంకెలు వందలకొలది కావలెను. ఒక్క యంకె తప్పినచో యంత్రము ఆ తప్పునే ప్రతిమారును తప్పక వాయించును.

కావున యంత్రము వచ్చినంతమాత్రమున శ్రమ పోలేదు. వ్రేళ్ల శ్రమ తగ్గి, ఆలోచన యొక్క శ్రమ పెరిగినది. సభలో చేయవలసిన సాధన గదిలో చేయవలసిన లెక్కగా మాఱినది.

బేసిల్డన్ పట్టణపు ఇరువురు

లండను నగరమునకు తూర్పున ఎసెక్స్ మండలమున బేసిల్డన్ అను పట్టణము కలదు. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులచే లండను నగరపు ఇండ్లు అనేకము కూలిపోగా, ఇరుకున పడిన జనులకు నివాసము కల్పించుటకై ప్రభుత్వము 1946వ సంవత్సరపు చట్టము ననుసరించి నూతన పట్టణములను కట్టింపజొచ్చెను. 1949లో అందులకై నిర్ణయింపబడిన వానిలో బేసిల్డన్ ఒకటి. అట్టి క్రొత్త ఊరిలో పెరిగినవారు విన్స్ క్లార్క్, ఆలిసన్ మోయెట్ అను ఇరువురు. క్లార్క్ 1960లోను, మోయెట్ 1961లోను జన్మించిరి. బాల్యమున ఇరువురును శనివారములందు ఒకే సంగీత పాఠశాలకు వెళ్లినవారే. అయినను వారి మధ్య స్నేహమేర్పడలేదు.

క్లార్క్ పెరిగి పెద్దవాడై, తోటి పట్టణవాసులతో కూడి డెపెష్ మోడ్ అను బృందమును స్థాపించెను. వారి మొదటి సంపుటి 1981లో మ్యూట్ సంస్థ ద్వారా వెలువడి జనాదరణము పొందెను. అందలి పాటలలో అధికభాగము క్లార్క్ వ్రాసినవే. కాని కీర్తి వెంట వచ్చు తిరుగుళ్లును, పత్రికలవారి ప్రశ్నలును అతనికి రుచింపలేదు. ఆ సంవత్సరాంతముననే అతడు బృందమును విడిచెను.

మోయెట్ త్రోవ వేఱు. ఆమె పదునాఱవ యేట బడి విడిచి, ఆ ప్రాంతపు పంక్ బృందములలోను, బ్లూస్ అను నల్లజాతి అమెరికనుల పాటలు పాడు బృందములలోను పాడుచుండెను. గంభీరమైన కంఠము, దుఃఖమును దాచక పాడు ధైర్యము ఆమె సొత్తు. తనకు తగిన వాద్యకారులు కావలెనని మెలొడీ మేకర్ అను సంగీత వారపత్రికలో ఆమె ఒక ప్రకటన వేయించెను. దానిని చూచి పిలిచినవాడు క్లార్క్. బ్లూస్ వాద్యకారులను కోరి ప్రకటించినామెకు, యంత్రములతో సంగీతము కూర్చు తన పట్టణపువాడే ప్రత్యుత్తర మిచ్చుట విశేషము. క్లార్క్ వ్రాసిన యొక పాటను మాదిరిగా రికార్డు చేయుటతో వారి పని మొదలయ్యెను. బ్లూస్ రికార్డులు వెలువరించు నొక అమెరికను సంస్థ పేరునుండి యాజూ అను నామమును గ్రహించిరి. అమెరికాలో మాత్రము ఈ జంటను యాజ్ అని పిలిచిరి.

ఆ మొదటి పాట ఓన్లీ యూ. అది 1982 మార్చి నెలలో వెలువడి, ఇంగ్లండు విక్రయముల పట్టికలో 2వ స్థానము వఱకు వెళ్లెను. రెండవ పాటయైన డోంట్ గో 3వ స్థానము నందినది. ఆగస్టులో అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్ అను మొదటి సంపుటి వెలువడి 2వ స్థానమును పొందెను. ఆ పేరులోని ఎరిక్ వారికి సహాయపడిన ధ్వనినిపుణుడు ఎరిక్ రాడ్‌క్లిఫ్. ఆయన బ్లాక్‌వింగ్ అను రికార్డింగుశాల, లండనులో యుద్ధకాలపు బాంబులకు గురియై పూజలు నిలిచిపోయిన యొక దేవాలయపు భవనములో నుండెను. పగటివేళ ఆ శాలను మఱియొకరు కుదుర్చుకొనియుండుటచే, ఈ జంట తెల్లవాఱుజామున లేచివచ్చి పని చేసికొనవలసివచ్చెను.

ఆ రికార్డులను విన్నవారికి ఒక సంగతి స్పష్టమగును. క్లార్క్ యంత్రములచే వాయింపజేసిన స్వరములు మిక్కిలి కొద్ది. ఓన్లీ యూ పాటకు ఆధారము, చిన్నపిల్లవాడైనను నేర్వదగిన కొన్ని స్వరముల చక్రము. అది గడియారమువలె తిరుగుచునే యుండును. దానిపై మోయెట్ కంఠము గడియారమును లక్ష్యపెట్టదు. ఒక మాటను కొంచెము ఆలస్యముగా అందుకొనును, మఱియొక మాటను బరువుగా నిలుపును, ఇంకొకచోట ఊపిరి వినబడునట్లు విడుచును. యంత్రము కదలని గట్టు. కంఠము పాఱు నీరు. గట్టు కదలదు గనుకనే నీటి వేగము మనకు తెలియుచున్నది. వీరి సంగీతపు ఆకర్షణ యంతయు ఈ భేదమునందే యున్నది.

వేదికపై ఇరువురు

రికార్డునందు ఇది చక్కగా సాగును. సభయందు వేఱొక చిక్కు కలదు. గిటారు బృందము వేదికపై నున్నప్పుడు చూచుటకు నలుగురైదుగురు చేతులాడించుచుందురు. యంత్రము తన పని తాను చేయునప్పుడు దానిని నడపువాడు చూపఱకు ఏమి చూపగలడు? క్లార్క్ స్వభావముచేత బిడియస్థుడు, యంత్రముల వెనుక కదలక నిలుచువాడు. అందుచేత సభను నిలుపు భారమంతయు పాడు మనిషిపై పడెను. వెనుక ఐదుగురు లేరు. తాను మఱచినచో అందుకొనువారు లేరు. తాను అలసినచో యంత్రము వేగము తగ్గింపదు. పంక్ బృందములలో చిన్న చిన్న సభలయెదుట వెఱపు లేక పాడుట నేర్చిన మోయెట్‌కు ఆ యభ్యాసము ఇచ్చట అక్కఱకు వచ్చినది. యంత్రములు చేతుల పనిని తీసికొన్న కొలదియు, కంఠమును దేహమును చేయవలసిన పని పెరిగినదని దీనివలన గ్రహింపవలెను.

యంత్రములపై వచ్చిన ఆక్షేపణము

ఈ క్రొత్త సంగీతమును అందఱును సంతోషముతో స్వీకరింపలేదు. యాజూ వారి మొదటి రికార్డు వెలువడిన 1982లోనే, ఇంగ్లండులోని సంగీతకారుల సంఘమునకు చెందిన మధ్య లండను శాఖవారు సింథసైజరులను, తాళయంత్రములను నిషేధింపవలయునని తీర్మానించిరి. ఫిడేళ్లు వాయించు నిరువదిమంది చేయు పనిని ఒక్క యంత్రము చేయగలిగినచో ఆ యిరువదిమంది కుటుంబములు ఏమి తినవలెనని వారి ప్రశ్న. సంఘము మొత్తము ఆ తీర్మానమును అవలంబింపలేదు, యంత్రములును ఆగలేదు.

ఈ యాక్షేపణమును మనము తేలికగా త్రోసివేయరాదు. మరమగ్గము వచ్చి చేనేతవానిని, ధాన్యపు మర వచ్చి దంపుడు కూలివారిని ఏమి చేసెనో యెఱిగినవారికి ఆ వాద్యకారుల భయము అర్థముకాకపోదు. జీవనము పోవునను భయము అజ్ఞానము కాదు. అయితే మఱియొక వైపు కూడ చూడవలసియున్నది. వాద్యబృందమును కూలికి పిలుచుటకు ధనము లేని బేసిల్డన్ పట్టణపు పేద యువకునకు ఆ యంత్రమే మొదటిమారు సంగీతద్వారమును తెఱచినది. అతడెవరి కూలిని తగ్గించుటకును దానిని కొనలేదు. అది లేనిచో అతని పాట పుట్టియే యుండదు. ఒకే యంత్రము ఒకనికి అన్నము పెట్టుచు మఱియొకని అన్నమునకు అడ్డు రాగలదు. ఈ రెండును సత్యములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట న్యాయము కాదు.

పాట యొక్క విలువ యంత్రమునందే యున్నదా అను సందేహమునకు మాత్రము మఱుసటి యేట చక్కని పరీక్ష జరిగెను. ఫ్లయింగ్ పికెట్స్ అను పేరుగల ఆఱుగురు గాయకులు ఓన్లీ యూ పాటను ఎట్టి వాద్యమును లేక, కేవలము తమ గొంతులతో పాడి 1983లో రికార్డు చేసిరి. యంత్రము వాయించిన స్వరచక్రమును కూడ నోటితోనే పలికిరి. ఆ సంవత్సరపు క్రిస్మస్ దినములలో ఆ రికార్డు ఇంగ్లండున 1వ స్థానమున నిలిచినది. యాజూ వారికి 2వ స్థానమును దాటని పాట, యంత్రములన్నిటిని తీసివేసిన పిమ్మట 1వ స్థానమునకు ఎక్కుట చదువరులు గమనింపదగిన విషయము. యంత్రమువలన పుట్టిన పాటయే యైనను, యంత్రము లేనిదే బ్రతుకజాలని పాట కాదది.

విడిపోవుట

ఇంతటి జయము పొందిన జంట ఎంతకాలము నిలిచినది? ఒకటిన్నర సంవత్సరము మాత్రమే. 1983 మే నెలలో మోయెట్ వ్రాసిన నోబడీస్ డైరీ యను పాట 3వ స్థానము నందినది. జూలైలో వెలువడిన రెండవ సంపుటి 1వ స్థానమును పొందెను. అది వెలువడునప్పటికే జంట విడిపోయియుండెను. ఆ సంపుటి పేరునకు నీవును నేనును ఇరువురము అని యర్థము. దాని అట్టపై మాత్రము రెండు చుక్కల కుక్కలు ఒకదానితో నొకటి కలియబడుచున్న చిత్రమున్నది.

కారణమేమి? ధనము గాదు, అపకీర్తి గాదు. ఇరువురును ఒకరితో నొకరు మాటలాడుకొనలేదు. పాటలలో చాలభాగము ఎవరివి వారు వ్రాసికొనినవే. ఒకరు మౌనస్వభావులు, మఱియొకరు తొందరగా నొచ్చుకొనువారు. పరిచయము స్నేహముగా ముదురకమునుపే కీర్తి వచ్చి మీద పడినది. రెండవ సంపుటిని చేయునప్పుడు పెక్కుమారులు వేర్వేఱు వేళల శాలకు వచ్చి ఎవరి పని వారు చేసికొనిపోయిరి. ఇచ్చట యంత్రము యొక్క యొక గుణము అపాయకరమైనది. నలుగురు వాద్యకారులు పాట వాయింపవలెననిన ఒకచోట కూర్చుండి ఒకరినొకరు వినక తప్పదు, కలహించుటకైనను కలిసికొనవలెను. సీక్వెన్సరు ఉన్నచో ఆ యవసరము కూడ లేదు. ఒకరు ఉదయము స్వరములను ఎక్కించి పోవచ్చును, మఱియొకరు రాత్రి వచ్చి పాడిపోవచ్చును. తాళము తప్పదు, శ్రుతి తప్పదు. తప్పినది మనుష్యుల పొత్తు మాత్రమే. ఆ లోపమును ఏ యంత్రమును ఎఱ్ఱదీపము వెలిగించి తెలుపలేదు.

రెండవ జంట

క్లార్క్ పిమ్మటి చరిత్ర ఈ యభిప్రాయమును దృఢపఱచుచున్నది. 1985లో అతడు అదే మెలొడీ మేకర్ పత్రికలో గాయకుడు కావలెనని తానే ప్రకటన వేయించెను. వచ్చినవారిలో ఆండీ బెల్ అను యువకుని ఎన్నుకొనెను. వారి జంట పేరు ఇరేజర్. మనిషి అతడే, సంస్థ మ్యూటే, యంత్రములు ఆ జాతివే. ఒక్క పద్ధతి మాత్రము మాఱినది. ఇరువురును ఒక గదిలో కూర్చుండి, క్లార్క్ గిటారుగాని పియానోగాని మీటుచుండగా బెల్ పాడుచు, పాటను కలిసి కట్టిన పిమ్మటనే యంత్రముల యొద్దకు పోయెడివారు. పాటల క్రింద ఇరువురి పేరులును వ్రాసికొనిరి. వారి మొదటి సంపుటికి ఇంగ్లండున ఆదరణము అంతంతమాత్రమే. అయినను వారు విడిపోక ఓర్చిరి. 1986లో సమ్‌టైమ్స్ అను పాట 2వ స్థానమును, 1988లో వారి మూడవ సంపుటి 1వ స్థానమును పొందినవి. ఆ జంట 2022లో సైతము క్రొత్త రికార్డును వెలువరించినది.

ఇరేజర్ వారి ప్రదర్శనములు నాటకములవలె సందడిగా నుండెడివి. బెల్ రంగురంగుల వేషములతో ఆడుచు పాడుచు సభను నవ్వించెడివాడు. క్లార్క్ ఎప్పటివలె కదలక నిలిచెడివాడు. 1992 సంవత్సరపు ప్రదర్శనములలో ఈ నిశ్చలత్వమునే వారు వినోదముగా మార్చిరి. క్లార్క్‌ను అతని యంత్రములతోకూడ యుద్ధశకటమువంటి బండిలో కూర్చుండబెట్టి వేదికపై తిప్పిరి. ఆ ప్రదర్శనపు చలనచిత్రమునకు శకటము, హంస, ఆకాశగోళము అను అర్థము వచ్చు పేరే పెట్టిరి. మొదటి జంటలో కొఱతగా తోచిన మౌనము, రెండవ జంటలో చెలికాని చమత్కారమువలన అలంకారమైనది.

మోయెట్ కూడ వెనుకబడలేదు. ఆమె 1984లో వెలువరించిన మొదటి స్వంత సంపుటి ఇంగ్లండున 1వ స్థానము పొందెను. పదునాఱవ యేట బడి విడిచిన ఆమె బ్రైటన్ విశ్వవిద్యాలయమున చిత్రముద్రణ కళను అభ్యసించి, అఱువది యేండ్లు దాటిన పిమ్మట 2023లో పట్టమును పొందినది. చదువునకు వయస్సు మించిపోయినదని నిరుత్సాహపడువారు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఇంక మిగిలినది ఒక్కటి. రెండవ సంపుటి వెలువడునప్పటికే జంట విడిపోయెను గదా. అందలి పాటలను వారెన్నడును సభయెదుట కలిసి పాడియుండలేదు. 2008లో, ఇరువదియైదేండ్ల పిమ్మట, ఇరువురును తిరిగి కలిసికొని ఇంగ్లండునందును, ఐరోపాయందును, అమెరికాయందును ఆ పాటలను పాడిరి. అప్పటికి మోయెట్ కంఠము మఱింత లోతెక్కియుండెను. క్లార్క్ వెనుకటి స్వరములను క్రొత్త యంత్రములకు ఎక్కించుకొని తెచ్చెను. ఆ పర్యటనమునకు వారు పెట్టిన పేరునకు తిరిగి సంధింపబడినవారు అని యర్థము. 2011లో మ్యూట్ సంస్థవారు లండనులో జరిపిన యుత్సవమున మఱియొకమారు కలిసి పాడిరి.

పాఠసారము

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి మూడు. మొదటిది, యంత్రము పనిని మాయము చేయదు; ఒకచోటినుండి మఱియొకచోటికి జరుపును. చేతులనుండి తీసికొన్నదానిని బుద్ధిపైనను, కంఠముపైనను మోపును. రెండవది, యంత్రము ఎంత నిర్దుష్టముగా పనిచేసినను దాని ప్రక్క నిర్దుష్టము కాని మనుష్యధ్వని యొకటి లేనిచో వినువాని హృదయము కదలదు. యాజూ వారి పాటలు నలువదేండ్ల పిమ్మటను వినబడుచుండుటకు ఆ రెంటి పొత్తే కారణము. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఇరువురు కలిసి చేయు పనిలో తాళమును యంత్రము నిలుపగలదు, శ్రుతిని యంత్రము నిలుపగలదు. పొత్తును మాత్రము ఆ యిరువురే నిలుపుకొనవలెను.

మనలో నేడు పెక్కుమంది తమ తమ గదులలో కూర్చుండి, ఒకరి ముఖము నొకరు చూడకయే కలిసి పని చేయగల సాధనములను చేతబట్టియున్నారు. అవి ఉపయోగకరములే. వానిని మానుమని ఎవరును చెప్పరు. కాని పని ముగిసినదని తలచి సాధనమును క్రింద పెట్టుటకు ముందు, తోడి పనివానితో ఒక్క మాట మాటలాడితినా యని తన్ను తాను ప్రశ్నించుకొనుట ప్రతి విద్యార్థికిని మేలు. ఆ ఒక్క మాట ఆడకపోవుటచేత ఇరువదియైదేండ్లు ఇరువురును కలిసి పాడక నిలిచిపోయిన పాటలు లోకమున నున్నవి.